వ్యుష్టి అని పిలిస్తే

జూన్ 2

పిల్ల ఇంటికొచ్చింది. ఎవ్వరూ నవ్వలేదు.

అన్న ఆటోలోంచి సంచులు దించుతుంటే అమ్మ గడపలో నీళ్లచెంబు పట్టుకొని నిలబడింది. పిల్ల మొఖం చూడకుండానే దిష్టి తీసింది. వదిన కూడా చూడదు. పొత్తిళ్లను మాత్రం గట్టిగా పట్టుకుంటది, బస్సులో సామాను పట్టుకున్నట్టు. నాకు అర్థమైంది. మొదటివాడు పురిట్లోనే పోయిండు. రెండోవాడు మూడో నెలలో, పాలు తాగి పడుకున్నోడు పడుకున్నట్టే. వాని మొఖం మేమందరం తనివిదీరా చూసుకున్నం. ముద్దుగా పేరు కూడా పెట్టుకున్నం.

నేను చూసిన. ఎర్రగా, ముడుచుకొని, ఎవరిమీదనో కోపంగా ఉంది. "ఏందే, నీ మేనత్తను," అన్నాను. ఆవులించింది.

డాక్టరమ్మ పిల్ల మంచిగుందని చెప్పింది. ఈ ఇంట్లో డాక్టర్ మాట నమ్మేది నేనొక్కదాన్నే.

జూన్ 4

పేరు పెట్టే హక్కు మేనత్తది. ఫోన్లో పేర్లు రాసి పెట్టుకున్న. బీఎస్సీ చదివి, రోజూ తాండూరు నుంచి రైల్లో వికారాబాద్ పోయి డయాగ్నస్టిక్ సెంటర్ రిసెప్షన్లో కూర్చున్నందుకు ఒక్క లాభం, వికారాబాద్ జిల్లా పిల్లల పేర్లన్నీ నా నోట్లోంచే పోతయి. "ఆద్యా" అని పిలిస్తే ముగ్గురు తల్లులు లేస్తరు. "శ్రీహాన్" అంటే సగం హాలు లేస్తది. పక్క కౌంటర్లో ఇక్రా నవ్వుతది, "నమాజుకు పిలిచినట్టున్నవు గదనే" అని.

మా పిల్లను పిలిస్తే ఒక్కతే లేవాలె. వదిన ఒక్కతే. అసుంటి పేరు కావాలె.

ఈ మాట అమ్మకు చెబితే, "పేరు గీరు ఇప్పుడు వద్దు. పేరు పెడితే దానికి వినవడ్తది," అన్నది.

"దేనికే?"

"నోర్ముయ్."

జూన్ 7

అమ్మ ఉపాయం: పిల్లను అమ్ముడు.

పిల్లలు దక్కని ఇంట్లో పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పొర్లిస్తరట, పెంటమ్మ అని పేరు పెడ్తరట. ఎవరికీ అక్కరలేని బిడ్డ అనుకొని పోయేది పోతదట. కాని తాండూరులో పెంటకుప్ప ఎక్కడుంది? పొద్దున్నే మున్సిపాలిటీ చెత్తబండి పాట పెట్టుకుంటూ వచ్చి ఊడ్చుకపోతది. "గా బండి వచ్చినంక ఊరంత సాఫ్, మా కష్టం మాకే," అని అమ్మ దాన్ని కూడా తిట్టింది.

ఇగ రెండో దారి. చాటలో పిల్లను పెట్టి గడప బయట అమ్మాలె. పిల్లలందరూ బతికి బట్టకట్టిన తల్లి వచ్చి, చారెడు తవుడిచ్చి కొనుక్కోవాలె. "ఇది నా బిడ్డ, నువ్వు సాది పెట్టు" అని తల్లికే తిరిగి ఇయ్యాలె. అప్పుడు పిల్ల మనది కాదు. మనింటికి వచ్చేది మనదాన్ని వెతుక్కొని, దొరకక వాపస్ పోతది.

కొనేది రాహేలమ్మ. గల్లీ చివరుంటది, అయిదుగురు పిల్లలు, అయిదుగురూ రాళ్లలెక్క ఉన్నరు.

తవుడు వదినే జల్లించింది.

జూన్ 9, ఆదివారం

అన్నకు సెలవని అమ్మ ఆదివారం పెట్టింది. ఆదివారం పొద్దున రాహేలమ్మ చర్చికి పోతదని మాత్రం తట్టలేదు. ఫోన్ చేస్తే ఎత్తదు. పంతులు చెప్పిన గడియ దాటిపోతున్నది. అమ్మ చాట పట్టుకొని గడపలో నిలబడి, ఎవరైనా వస్తరేమోనని, "పిల్లను అమ్ముతున్నం, కొనేటోళ్లున్నరా?" అని అడగనే అడిగింది. గల్లీలో కుక్క తప్ప ఎవరూ లేరు.

"నేను కొంట," అని మెట్ల మీదనుంచి వినిపించింది.

అరుణాదేవి ఆంటీ. పైన ఉంటది, ఇల్లు వాళ్లదే. అన్న లెక్కలు రాసే పప్పుమిల్లు వాళ్లాయన రాజేశం సేటుది. తలకు పోసుకొని, జుట్టు ఇంకా తడిగానే, దిగి వచ్చింది.

అమ్మ మొఖం మాడిపోయింది. "మీకెందుకు సేటమ్మా తిప్పలు, రాహేలమ్మ వస్తుండె..."

నాకు ఒళ్లు మండింది. ఆంటీకి పిల్లలు లేరు, గందుకే గదా! పెళ్లిళ్లలో పసుపు కుంకుమ దగ్గర కూడా ఆమెను దాటేసి పోతరు, నేను చూసిన. "ఆంటీ కొంటే ఏమైతదే అమ్మా?" అని అందరి ముందటనే అడిగిన. అడిగినంక ఇగ అమ్మ ఏమంటది? ఆ మాట మొఖం మీద ఎవరంటరు?

ఆంటీ చారెడు కాదు, దోసెడు పోసింది. పిల్లను ఎత్తుకుంది. చానా సేపు ఎత్తుకుంది.

"అనాలె తల్లీ," అమ్మ గుర్తు చేసింది.

"ఇది నా బిడ్డ."

"సాది పెట్టు అనాలె."

ఆంటీ వదిన దిక్కు చూసింది. "సాదు వినీతా. నేను చెప్పేదాక సాదు."

అమ్మ నేర్పిన మాటల్లో "నేను చెప్పేదాక" లేదు. పెద్దింటివాళ్లకు మాటకు మాట కలపడం అలవాటు.

సాయంత్రం

అమ్మ అన్నం తినలేదు. "పిల్లలు దక్కిన తల్లి కొనాలెనే. తిరిగి ఇచ్చేదాని చెయ్యి నిండుగ ఉండాలె. ఆకలిగొన్నోని చేతుల అన్నం పెట్టి, మళ్ల ఇయ్యమంటే ఇస్తడా?"

పాతకాలపు కుళ్లు. ఇయ్యాల నేను మంచిపనే చేసిన.

జూన్ 20

ఇరవై ఒకటో రోజు. పేరు పెట్టేది కొన్నామెనే అని పంతులు తేల్చిండు. నా ఫోన్లో పేర్లు ఫోన్లోనే ఉన్నయి. ఆంటీ ఉయ్యాల మీద వంగి పిల్ల చెవిలో మూడుసార్లు చెప్పింది. తర్వాత మాకు చెప్పింది.

వ్యుష్టి.

పొద్దు పొడిచే ముందు తూర్పున వచ్చే మొదటి వెలుగట. పెళ్లయిన కొత్తలో ఏదో పుస్తకంలో చూసిందట. "పద్దెనిమిదేండ్ల సంది నా నోట్లనే ఉంది ఈ పేరు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పెట్టుకుంటరని."

"అరుణ అన్నా అదే గదా ఆంటీ, పొద్దుపొడుపు ఎరుపు," అన్నాను. ఆంటీ పళ్లు కనిపించేటట్టు నవ్వడం మొదటిసారి చూసిన. "నువ్వు చదువుకున్న పిల్లవు రజినీ. నీకు తెలిసింది."

నిజం రాసుకోవాలంటే, నా పేర్లన్నీ దాని ముందు అంగట్లో గాజుల లెక్క అయిపోయినయి.

జూన్ 21

ఇక్రా, నేను లంచ్‌లో పేర్ల వెబ్‌సైట్ చూసినం. వ్యుష్టి: "అత్యంత అరుదు". పక్కన స్పీకర్ బొమ్మ నొక్కితే ఒక ఇంగ్లిష్ గొంతు "వై ఉస్టీ" అంటది. పొట్ట చెక్కలయ్యేటట్టు నవ్వినం. ఇక్రా అడిగింది, "పేరు మంచిగుంది లేవే. మీ వదినకు పలుకుతదా?"

జూలై 6

పలకదు.

"యుష్టి" అంటది. అన్న "విష్టి" అంటడు. అమ్మ "ఇష్టమ్మ" అని మొత్తం మార్చేసి హాయిగా ఉంది. రాజేశం సేటు "బేబీ" అని తప్పించుకుంటడు. రాహేలమ్మ వచ్చి చూసి, చర్చికి పోయినందుకు చెంపలేసుకొని, "ముష్టి ఏందమ్మా, బంగారమసుంటి పిల్లకు!" అన్నది. వదిన ఆ రోజు మాత్రం నవ్వింది.

ఆంటీ రోజూ సాయంత్రం దిగి వచ్చి కూర్చుంటది. ఎవరు తప్పు పలికినా వదలదు. "వ్యు. పెదవులు ముందుకు. ష్టి. వినీతా, మళ్ల అను." వదిన మళ్ల అంటది. మళ్ల తప్పు. ఆంటీకి కోపం రాదు. గొంతు ఇంకా మెత్తగైతది. "తప్పు పిలుపు చెవిలో పడితే పిల్లకు తన పేరే తెలియకుండ పోతది. నోరు తిరిగేదాక పిలవకు, సరేనా?"

నాకు మొదటిసారే వచ్చింది. ఇంట్లో ఆంటీ, నేను ఇద్దరమే సరిగా పిలుస్తం. రాస్తే చిన్నగుంది గాని, సంతోషంగా ఉంది.

ఆగస్టు 11

మూడో నెల. అమ్మ రోజూ పొద్దున పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తది. వదిన నిద్రపోదు. కళ్ల కింద నల్లగా.

"పైన ఏసీ ఉంది, పగటిపూట పైన పండవెట్టండి," అని ఆంటీ అడిగింది. వదిన నా దిక్కు చూసింది. నేనే చెప్పిన, "పంపు వదినా, నువ్వు కూడా రెండు గంటలు కన్ను మూస్తవు."

ఆగస్టు 30

మూడో నెల దాటింది. బతికింది.

అమ్మ పై మెట్టు దాకా పోయి ఆంటీ కాళ్లకు మొక్కింది.

సెప్టెంబర్ 14

ఇయ్యాల చూసింది రాయాలె. వదిన పాలిస్తున్నది. పైన బాల్కనీలోంచి ఆంటీ "వ్యుష్టీ" అని పిలిచింది. పిల్ల తాగుతున్నది ఆపింది. తల తిప్పింది. మళ్లీ పట్టలేదు. వదిన జాకెట్టు తడుస్తున్నది. పైట కప్పుకొని, పిల్లను తీసుకొని మెట్లెక్కింది.

ఐదో నెల రాకముందే పేరుకు తల తిప్పడం తెలివైన పిల్లల లక్షణమని ఫోన్లో చదివిన.

సెప్టెంబర్ 22

వదిన నల్లా కింద గిన్నెలు తోముకుంటూ ఏదో గొణుగుతున్నది. పాట అనుకొని దగ్గరికి పోయిన. "వ్యు. వ్యు. వ్యుష్. వ్యుష్టి. వ్యు." నన్ను చూసి నల్లా ఇంకా గట్టిగా తిప్పింది.

అక్టోబర్ 18

రైలు ధారూర్‌లో ఆగిపోయి ఆఫీసుకు లేటు. అందుకే ఇక్రా నా కౌంటర్ చూస్తున్నది. నేను పోయేసరికి "అరే, మీ పేరు ఇంకోటి వచ్చింది చూడు" అని స్క్రీన్ చూపించింది.

వ్యుష్టి. ఇరవై రోజుల పిల్ల. పూడూరు నుంచి.

నేనే పిలిచిన. బక్కగా, పసుపు రాసిన కాళ్లతో ఒక బాలింత లేచింది. ముచ్చటేసింది. "మస్తు పేరు పెట్టిండ్రే, ఎక్కడ దొరికింది?"

"మా ఆయన తాండూరు మిల్లుకు కందులు తోల్తడు మేడం. ఆడ సేటమ్మ బిడ్డ పేరంట. ఎన్నేండ్లకో పుట్టిందంట, ఊరంత లడ్డూలు పంచిండ్రు. అదృష్టం పేరని మేం కూడ పెట్టుకున్నం."

"ఏ సేటమ్మ?"

"రాజేశం సేటు భార్య. మీకు ఎరుకేనా?"

రసీదు మీద ముద్ర తలకిందులుగా వేసిన.

అక్టోబర్ 19

మిల్లులో లోడింగ్ వాళ్లకేం తెలుస్తది. సేటమ్మ ఎత్తుకొని కనిపిస్తే సేటమ్మ బిడ్డ అనుకుంటరు. వదినకు చెప్పలేదు. చెప్పి ఏం లాభం?

అక్టోబర్ 27

అన్నను అడిగిన. మిల్లులో లడ్డూలు ఎప్పుడు పంచిండ్రని.

"జూన్ల."

"ఏమని చెప్పి?"

అన్న చెప్పులు వేసుకుంటూ చాలాసేపు వంగే ఉన్నడు. "పిల్ల పుట్టిందని చెప్పిండ్రు. పుట్టిందా లేదా?"

నవంబర్ 24

అన్నప్రాసన. ఫంక్షన్ హాల్ ఆంటీవాళ్లే మాట్లాడిండ్రు. స్టేజీ మీద పెద్ద ఫ్లెక్సీ. ప్రింట్‌కు ఇచ్చేముందు ఆంటీ నాతోనే అక్షరాలు సరిచూయించింది, ష కింద ట సరిగ్గా వచ్చిందా అని. వచ్చింది. "వ్యుష్టి అన్నప్రాసన మహోత్సవం." తల్లిదండ్రుల పేర్లు లేవు. చోటు సరిపోలేదన్నది.

చానా చోటుండె.

పంతులు "మేనమామ రావాలె" అని పిలిచిండు. వదిన తమ్ముడు మల్లేశ్ లేచిండు. దౌల్తాబాద్ నుంచి వచ్చిండు పాపం, కొత్త అంగీకి మడతలు కూడా పోలేదు, చేతిలో వెండి గిన్నె. అటు దిక్కు ముందు వరుసలోంచి తెల్లబట్టల పెద్దమనిషి ఇంకొకాయన లేచిండు. ఆంటీ తమ్ముడు. జహీరాబాద్‌లో బట్టల దుకాణం.

ఇద్దరూ నిలబడి ఉన్నరు. పంతులు ఇద్దరినీ చూసి, రాజేశం సేటును చూసిండు. సేటు నేలను చూసిండు.

ఆంటీ నవ్వుతూనే, "పెద్దోడు ముందు పెట్టనియ్యి మల్లేశ్, తర్వాత నువ్వు," అన్నది.

పిల్ల ఆయన చేతి పాయసమే తిన్నది. మల్లేశ్ వంతు వచ్చేసరికి ఏడిచింది. భోజనాల్లో మల్లేశ్ కనిపించలేదు. వెండి గిన్నె కుర్చీ మీద పెట్టి పోయిండు.

డిసెంబర్ 8

వదిన, తనకై తాను, మొదటిసారి నాతో మాట్లాడింది. "రజినీ, పిల్లను వాపస్ కొనుక్కుంట."

అమ్మను అడిగినం. దానికి కూడ పద్ధతి ఉందట. ఇచ్చిన తవుడుకు రెట్టింపు తీసుకపోయి పోయాలె, కొన్నామె ఒడి పట్టి తీసుకొని "తీసుకపో" అనాలె. "అనాలె" అని అమ్మ మళ్ల అన్నది.

ఇప్పుడైతే నవ్వు రావడం లేదు. మిల్లు పక్కన పొట్టు అంగట్లోంచి తవుడు నేనే తెచ్చిన. నేను, బీఎస్సీ కెమిస్ట్రీ.

డిసెంబర్ 11

ముగ్గురం పోయినం. పైన హాల్లో చల్లగా ఉంది. కార్పెట్ మీద పిల్ల బోర్లా పడి ఆడుకుంటున్నది. మమ్మల్ని చూసి నవ్వింది, అందరికీ నవ్వినట్టే.

అమ్మ చాట కింద పెట్టింది. "సేటమ్మా, గండం గడిచింది. మీ దయ. ఒడి పట్టండి."

ఆంటీ చాట దిక్కు చూడలేదు. టీ పెట్టమని లోపలికి చెప్పింది. పిల్ల నోటి చొంగ తుడిచింది. తర్వాత అన్నది: "నాగమ్మా, ఆ రోజు మీరు అమ్మకానికి పెట్టిండ్రు, నేను కొన్న. నేనేమన్న అమ్మకానికి పెట్టిన్నా?"

"ఆచారం గదమ్మా..."

"ఆచారమే. ఆ రోజు ఈ పిల్లను ఎవ్వరూ కండ్లెత్తి చూడలేదు. నేను చూసిన. మీరు పేరు పెట్టడానికి కూడ భయపడ్డరు. నేను పెట్టిన. పెట్టినంక బతికింది." గొంతు ఒక్కసారి వణికింది, నిజంగానే వణికింది. "ఇప్పుడు నేను అమ్మి, దానికేమన్న అయితే? వినీతా, నువ్వు చెప్పు. అమ్మమంటవా?"

వదిన చాట ఎత్తుకొని మెట్లు దిగింది. తవుడు మెట్లపొడుగునా రాలింది.

డిసెంబర్ 12

ఇక్రా మండిపడ్డది. "పోలీసులకు చెప్పవేందే? పాగల్ అయినవా?"

"ఏమని చెప్పాలె? తవుడుకు అమ్మినమనా?"

డిసెంబర్ 30

ఈ నెల ఇంకో ఇద్దరు వ్యుష్టిలు వచ్చిండ్రు. ఒకామె కొడంగల్, ఒకామె ఇక్కడి వికారాబాదే. తాండూరులో ఎవరి బిడ్డో అని ఇద్దరికీ తెలుసు. వెబ్‌సైట్ మళ్లీ తెరిచి చూసిన. "అత్యంత అరుదు" అనే ఉంది ఇంకా. వాళ్లకేం తెలుసు.

జనవరి 17

నేనే చెప్పిన. దౌల్తాబాద్ పో వదినా, పిల్లను తీసుకొని, కొన్నాళ్లు ఉండు, ఈ మెట్లు లేని ఇంట్లో. అన్నకు చెప్పలేదు. పట్టపగలు, ఆంటీ చుట్టాల పెళ్లికని జహీరాబాద్ పోయిన రోజు. బస్టాండ్‌లో వదిన కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది. పిల్ల చెవిలో ఏదో అంటున్నది. దగ్గరికి వంగి విన్న. "చిట్టీ" అంటున్నది. అంతే. ఎవరూ నేర్పని పేరు.

బస్సు కదిలినంక ఏడ్చిన. సంతోషానికే.

జనవరి 18

ఆంటీ వచ్చింది. అరవలేదు. ఖాళీ ఉయ్యాలను ఒకసారి ఊపింది. "అడగకుండ తీసుకపోయిండ్రు," అని మాత్రం అన్నది. పైకి పోయి దీపం పెట్టుకుంది.

జనవరి 21

జ్వరం.

జనవరి 22

వదిన ఫోన్లో ఏడవడం లేదు, అదే భయంగా ఉంది. వికారాబాద్ తీసుకరమ్మన్న. డాక్టర్ చూసిండు, మా సెంటర్‌లోనే రక్తం ఇచ్చినం. రిపోర్ట్ నేనే చదివిన. అంతా నార్మల్. మామూలు వైరల్, చలికాలం, ప్రతి ఇంట్లో ఉంది.

"నార్మల్ వదినా. చూడు. ఒక్కటి కూడ ఎక్కువ తక్కువ లేదు."

వదిన కాగితాన్ని చూడలేదు. "వానికి గూడ రిపోర్టులు మంచిగనే వచ్చినయి రజినీ," అన్నది.

ఇది నా చదువులో ఎక్కడా చెప్పలేదు.

జనవరి 23

వదిన పిల్లను తీసుకొని తాండూరు వచ్చేసింది. మా గడప దాటలేదు. సంచి మెట్ల కింద పెట్టి, తిన్నగా పైకి పోయింది. ఆంటీ తలుపు తీసే ఉంచింది. "వ్యుష్టీ" అన్నది. పిల్ల చేతులు చాచింది.

సాయంత్రానికి జ్వరం దిగింది. దిగుతది. మూడో రోజు వైరల్ జ్వరాలు దిగుతయి. దిగుతయి. ఈ ఇంట్లో ఎవరికి చెప్పాలె.

ఫిబ్రవరి 2

అందరం ఉన్నం. ఆంటీ మెట్లు దిగి వచ్చి, అదే గడపలో, అదే చోట నిలబడింది. పిల్ల చంకలో ఉంది. వదిన దిక్కు చూసి, ఎంత మెత్తగా అన్నదంటే, ఏదో మేలు చేస్తున్నట్టు:

"సాదింది చాలు వినీతా."

అంతే. నేను లేచిన. "ఆంటీ, ఇదేం మాట? పిల్ల మా అన్న బిడ్డ. తొమ్మిది నెలలు మోసింది మా వదిన."

"నువ్వే గదా రజినీ, ఆంటీ కొంటే ఏమైతదే అని అడిగినవు? నా దిక్కు నిలబడ్డది నువ్వొక్కదానివే. నేను మరువను."

అన్నను చూసిన. వాడు గోడకు ఆనుకొని ఫోన్ చూస్తున్నడు, ఫోన్ ఆఫ్‌లో ఉంది. "అన్నా, మాట్లాడవేందిరా!"

"పైననే గదనే," అన్నడు. "ఊరు దాటి పోతుందా?"

అమ్మ దేవుని ముందట కూర్చొని లేవలేదు. నేను వదిన భుజం పట్టుకొని ఊపిన. వద్దను వదినా, ఒక్కసారి వద్దను, తర్వాత నేను చూసుకుంట. వదిన నా చెయ్యి తీసేసింది. లోపలికి పోయి పిల్ల బట్టలు, గిలక, దిండు అన్నీ సంచిలో సర్దింది. మల్లేశ్ వెండి గిన్నె కూడా. మడత మీద మడత, ఒక్క ముడత లేకుండా.

"బతకనియ్యి రజినీ," అన్నది. "ఎక్కడనో ఒక్కకాడ."

ఫిబ్రవరి 9

వదిన పొద్దున పైకి పోతది, చీకటి పడే ముందు వస్తది. పాలకు. పిల్ల పనికి. జీతం ఇస్తమన్నరట. అన్న ఆ మాట చెప్పి నా మొఖం చూడలేదు.

ఫిబ్రవరి 15

వదిన అన్నం వడ్డిస్తూ, "వ్యుష్టమ్మ ఇయ్యాల రెండుసార్లు పాలు తాగింది," అన్నది.

పేరు ఎంత స్పష్టంగా పలికిందో. వ్యు, ష్ట, రెండూ. ఆంటీ కన్నా బాగా. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మిల్లుల్లో పనోళ్లు సేట్ల పిల్లల గురించి ఇట్లనే మాట్లాడుతరు.

ఫిబ్రవరి 28

వికారాబాద్‌లో రూమ్ చూసుకున్న. ఇక్రా వాళ్ల గల్లీలోనే. రోజూ ఆ మెట్ల కిందనుంచి పోలేను. పోయేముందు వదినను అడిగిన, నాతో వస్తవా అని. "పిల్లకు పాలెవరిస్తరు?" అన్నది. నేను పిచ్చిదాన్నైనట్టు చూసింది.

మార్చి 19

ఇయ్యాలటిది రాసి పడుకుంట.

టీకాల తర్వాత ఏదో టెస్టు రాసిండ్రట. తాండూరులో సెంటర్లు ఉన్నా, ఇక్కడికే తీసుకొచ్చిండ్రు. రజిని ఉంది గదా, జల్ది అయితదని. హాలు నిండా జనం. నేను తల ఎత్తలేదు. స్క్రీన్ మీద పేరు వచ్చినంక ఎత్తిన.

ఇంకెవరూ పలకలేరు ఆ పేరు. ఇక్రాకు ఇస్తే "యూస్టీ" అంటది. నేనే పిలవాలె.

"వ్యుష్టి."

ఇద్దరు లేచిండ్రు. పూడూరు బాలింత, ఆరు నెలలైనా అదే పసుపు కాళ్లు, పిల్ల మాత్రం బొద్దుగా అయింది. ఇంకొకరు అరుణాదేవి. చంకలో మా పిల్ల, కొత్త గౌను, నా గొంతు గుర్తుపట్టి నా దిక్కే తల తిప్పి చూస్తున్నది.

వదిన ఆ పక్క కుర్చీలోనే ఉంది. ఒళ్లో పాలసీసాల సంచి, దాని మీద రెండు చేతులు.

వినలేదేమో అనుకున్న. మళ్ల పిలిచిన, ఈసారి గట్టిగా, సాగదీసి, తప్పు లేకుండా. హాలంతా నా దిక్కు చూసింది. వదిన కూడా చూసింది.

లేవలేదు.